విస్తరి పుల్ల

పాఠ్యపుస్తకంలో జింకును కార్బాక్సీపెప్టిడేజ్ ఎంజైముకు సహకారకమని చెప్పి ముందుకు సాగిపోతాం. దిల్‌సుఖ్‌నగర్‌లో నీట్ పిల్లలకు నేను చెప్పేదీ అంతే. ఆ లోహానికి ఉన్న మరొక పనిని మాత్రం మా మేనకోడలి కొడుకు కోసం చదివాను. ఎల్బీనగర్‌లో ఉంటారు వాళ్ళు. మెట్రోలో మాకు మూడో స్టేషను. వాడికి 9 ఏళ్ళు. బీటా తలసీమియా. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. తోడు వెళ్ళిన రోజున గంటల తరబడి చదువుకోవడమే నా పని.

1985లో కేంబ్రిడ్జిలో ఆరన్ క్లుగ్ బృందం ఒక ఆఫ్రికా కప్ప అండకణాల్లోని ప్రోటీనును పరిశీలించింది. సుమారు 30 అమైనో ఆమ్లాల తునక అందులో 9 సార్లు వరుసగా కనిపించింది. ప్రతి తునకలో 2 సిస్టీన్లు, 2 హిస్టిడీన్లు కలిసి ఒక జింకు అయానును పట్టుకుంటాయి. విస్తరికి పుల్ల ఎలాంటిదో ఆ మడతకు జింకు అలాంటిది; తీసేస్తే విడిపోతుంది. నిలిచిన మడత వేలిలా డీఎన్ఏ గాడిలోకి చొచ్చి, సుమారు మూడేసి అక్షరాలు తడిమి చదువుతుంది. ఏ జన్యువు పలకాలో, ఏది మౌనం వహించాలో నిర్ణయించే ప్రోటీన్లలో ఇలాంటి వేళ్ళున్నవి వందలు.

వాటిలో బీసీఎల్11ఏ ఒకటి. గర్భస్థ శిశువుకు అక్కరకొచ్చే గామా గ్లోబిన్ జన్యువును పుట్టాక అణచి ఉంచడంలో దీనిదే ముఖ్యపాత్ర అని 2008లో తేలింది. అది చదివి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. పిల్లవాడికి చెడినది బీటా గ్లోబిన్, గామా చెడలేదు. మంచి జన్యువు వాడి కణాల్లోనే ఉంది. దానిమీద ఒక వేలు ఆని ఉంది, అంతే.

ఆ వేలిని తొలగించే చికిత్స కాస్జెవి. రోగి మూలకణాలను బయటికి తీసి, ఎర్రకణాల్లో బీసీఎల్11ఏ తగ్గేలా క్రిస్పర్‌తో సవరించి, తిరిగి ఎక్కిస్తారు. తలసీమియాకు దీన్ని 2023లో బ్రిటన్, 2024 జనవరిలో అమెరికా ఆమోదించాయి. మొదట 12 ఏళ్ళు నిండినవారికే. అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు.

"మామయ్యా, అది మనదాకా వస్తుందా?" అని అడిగింది మేనకోడలు.

"ఎప్పుడని చెప్పలేనమ్మా. ఈలోగా తమ్ముడికి హెచ్‌బీఏ2 పరీక్ష చేయించు," అన్నాను. వాడికి సంబంధాలు చూస్తున్నారు. అక్క వాహకురాలు కనుక వాడూ అయ్యే అవకాశం కనీసం సగం. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

"జాతకాలు చాలవా మామయ్యా?" అని నవ్వాడు మేనల్లుడు. మంచంమీది పిల్లవాడి చేతి సూదివైపు చూసి నవ్వు ఆపేశాడు. సోమవారం వెళతానన్నాడు.