మా పేరు గోస కాదు
1999లో తొలి ఓటేద్దామని వెళ్లాం. జాబితాలో మా ‘గౌస్’ కాస్తా ‘గోస’ అయింది. మేమే మేమని ఎంత మొత్తుకున్నా వినలేదు. వేలికి సిరా అంటకుండానే ఇంటికొచ్చాం. అమ్మీ ఏమీ అడగలేదు, చాయ్ ఇచ్చింది.

ఇప్పుడు మా గల్లీ చబుత్రా మీద కూర్చుని పిల్లలచేత ఫారం 6 నింపిస్తున్నాం. ఒకప్పుడు జనవరి ఒకటికి 18 నిండకపోతే ఏడాది ఆగాల్సిందే. 2022 నుంచి ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలూ లెక్కే. 17 నిండితే ముందే అర్జీ పెట్టుకోవచ్చు. అక్షరం తప్పితే ఫారం 8 ఉంది.

‘ఓటేస్తే నౌకరీ వస్తుందా చాచా?’ అంటాడొకడు.

రాదు బేటా. మనల్ని ఓటుబ్యాంకని తిట్టేవాడికీ, ఓటడగడానికి గల్లీకొచ్చేవాడికీ మన పేరు పలకడం రాదు. ముందు దాన్ని సరిగ్గా రాయించుకుందాం. మన గోస ఏమిటో ఆ తర్వాత నిలదీసి చెబుదాం.