చిట్టెలుక స్వయంవరం

వినాయకుని వాహనమైనంత మాత్రాన ఎలుకకు మన ఇండ్లలో గౌరవం దక్కలేదు. గాదె దగ్గర కనిపిస్తే కర్ర అందుకొంటాము. అయినా, ఆ అల్పజీవి జతను ఎన్నుకొనే తీరు తెలుసుకొన్న నాటినుండి దానిని చూచే నా చూపు కొంత మారినది.

ఐరోపాలో ఇంటి చిట్టెలుకలు రెండు తెగలు: పడమటిది ఒకటి, తూర్పుది ఒకటి. కొన్ని లక్షల సంవత్సరాల క్రిందట ఒకే మూలం నుండి చీలిన ఈ దాయాదులు మనిషి ధాన్యం వెంట వేరువేరు దారుల నడచి మళ్ళీ ఎదురుపడినవి. డెన్మార్కులోని జట్లండు మొదలు బల్గేరియాలో నల్లసముద్రపు తీరం దాకా రెండువేల కిలోమీటర్లకు పైగా వాటి పొలిమేర సాగుతుంది. అక్కడ గోడ లేదు, కావలి లేదు. రెండు తెగలూ కలుస్తవి, పిల్లలను కంటవి. అయినా ఒకటి రెండవదానిలో కరిగిపోలేదు.

కారణం సంకర సంతానంలో ఉన్నది. వాటిలో మగవి తరచు గొడ్డుబోతులు. ఇందుకు కారకమైన ఒక జన్యువును 2009లో ప్రాగ్ శాస్త్రజ్ఞులు గుర్తించినారు. సంకర జంతువులలో ఇటువంటి లోపం ఏ లింగానికి ముందుగా తగులుతుందో 1922లోనే సూత్రీకరించినవాడు హాల్డేను. ఆయన 1957లో మన దేశానికి తరలివచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరంలో కన్నుమూసినాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించినారు.

పరాయి తెగతో జతకడితే వంశం అడుగంటే ప్రమాదం ఉన్నప్పుడు, ముందుగానే తెలిసి తప్పుకొన్నవాటి సంతతే మిగులుతుంది. జట్లండులో పరీక్షించి చూడగా, పొలిమేర దగ్గరి తూర్పు తెగ ఎలుకలు స్వజాతి వాసనను దూరాన ఉన్నవాటికంటె గట్టిగా కోరుకొన్నవి. పడమటి తెగకు అంత పట్టింపు లేదు.

ఈ ఎంపికకు సాధనం ముక్కు, లేఖ మూత్రం. మగ ఎలుక మూత్రంలోని ఒక మాంసకృత్తుకు 2010లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు జేన్ ఆస్టిన్ నవలానాయకుడు డార్సీ పేరిట ‘డార్సిన్’ అని పేరు పెట్టినారు. దాని వైపు ఆడ ఎలుక పుట్టుకతోనే ఆకర్షింపబడుతుంది. ముక్కు ఆనించి చూచిన పిమ్మట ఆ ఒక్క మగవాని వాసనను గుర్తుపెట్టుకొని వెదకుతుంది. మోజు జన్మతః వచ్చినది. వలపు మాత్రం నేర్చుకొన్నది!

ఇంతవరకూ వినోదమే. కాని మా బంధువులలో ఒక పిల్ల అన్యకులపు యువకుని వివాహమాడతానన్నప్పుడు, ఒక పెద్దాయన, “ఎలుకైనా తన జాతినే వెదుక్కొంటుంది గదా!” అని తీర్పు చెప్పినారు. పదిమందీ తల ఊపినారు. పిల్ల తల వంచుకొన్నది.

ఆ ఉపమానం నిలువదు. ఎలుకల పొలిమేరను కాపాడేది గొడ్డుతనం. ఏ రెండు కులాల బిడ్డలు గొడ్డుబోయినారు? మనుష్యులందరిదీ ఒకే జాతి. మన పొలిమేరలకు ప్రకృతి సాక్ష్యం పలుకదు. వాటిని కాపాడుతున్నది మన మాట, మన పంక్తి, అప్పుడప్పుడు మన కర్ర.

పైగా, ఎలుకనుండి నేర్చుకోదలచితే సగం పాఠం వదలరాదు. అక్కడ వాసన చూచేదీ, గుర్తుంచుకొనేదీ, వెదకి పోయేదీ ఆ ఆడ ఎలుకయే. దాని బదులు ముక్కు పెట్టే పెద్దలు ఆ కలుగులో లేరు. ఈ మాట ఆ పెద్దాయనతో అన్నాను. ఆయన నవ్వలేదు, పిల్ల మాత్రం తల ఎత్తినది.