డోలు ఎవరు వాయించిండ్రు?

పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది. మెస్సు లైన్‌లో సగం, పడుకునే ముందు సగం చదివినా సరే, చివరిదాకా చదవండి.

మేము ఖైరతాబాద్‌లో ఒక హాస్టల్‌లో ఉంటాం. రూమ్‌లో ఆరుగురం. నలుగురం కోయ, ఒకరు గోండు, ఒకరు కొండరెడ్డి. అందరికీ ఇరవై అటూ ఇటూ. ఆరు ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

ఇక్కడ చప్పుడుకు కరువు లేదు. ఒకపక్క రైలు, ఒకపక్క మెట్రో. వినాయక చవితి వచ్చిందంటే పెద్ద గణేశుడి దగ్గర నిమజ్జనం దాకా బ్యాండ్లు, తీన్‌మార్. మాసబ్ ట్యాంక్ వైపు నడిస్తే ఏసీ గార్డ్స్ వస్తది. ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందని ఇక్కడికొచ్చాకే మాకు తెలిసింది. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల బస్తీ అది. వాళ్ళూ, బార్కస్ వైపున్న అరబ్బు మూలాల చావూష్‌లూ నిలబెట్టుకున్న మర్ఫా దరువు ఇప్పటికీ హైదరాబాద్ పెళ్ళిళ్ళలో మోగుతది. ఆ దరువు వింటే కాలు కదలని మనిషి ఈ ఊర్లో లేడు. కానీ ఆ మర్ఫా వాయించేవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పమంటే మాకు రాదు. మీకు వస్తదా?

ఈ ప్రశ్న మాకు ముందు మన పాటల నుంచి రాలేదు. ఇంగ్లీషు పాటల నుంచి వచ్చింది. మా క్లాసులో సిటీ పిల్లలు కొందరికి బీటిల్స్ అంటే పిచ్చి. 1960లలో ఇంగ్లాండులో లివర్‌పూల్ ఊరి నలుగురు కుర్రాళ్ళ బ్యాండ్ అది. ఒకరోజు క్యాంటీన్‌లో వాళ్ళు అరగంట గొడవ పడ్డారు. దేని గురించి అనుకున్నారు? ‘లవ్ మీ డూ’ అనే పాటలో డ్రమ్ములు వాయించింది ఎవరు అని.

తర్వాత మేమూ చదివాం. 1962 సెప్టెంబరు 4న ఆ పాట రికార్డు చేసినప్పుడు డ్రమ్ములు వాయించింది బ్యాండ్‌లోని రింగో స్టార్. నిర్మాతకు తృప్తి కాలేదు. సెప్టెంబరు 11న ఆండీ వైట్ అనే బయటి డ్రమ్మర్‌ను పిలిపించి మళ్ళీ రికార్డు చేయించారు. రింగో చేతికి టాంబొరిన్ ఇచ్చారు, మన గజ్జెల పళ్ళెం లాంటిది. మొదట విడుదలైన రికార్డులో ఉన్నది రింగో డ్రమ్ములు. 1963 ఆల్బంలో ఉన్నది ఆండీ వైట్ డ్రమ్ములు. ఏది ఎవరిదో తెలుసుకోవడం తేలిక: టాంబొరిన్ గలగల వినపడితే డ్రమ్ములు ఆండీ వైట్‌వి, వినపడకపోతే రింగోవి.

రెండు నిమిషాల పాట. అరవై ఏళ్ళు దాటినా లోకం దాన్ని చెవి పెట్టి వింటోంది. మాకు నవ్వొచ్చింది. నవ్విన తర్వాత కడుపులో ఎక్కడో కలుక్కుమంది.

అదే బ్యాండ్‌కు ఇంకో కథ ఉంది. 1966లో వాళ్ళ ‘రివాల్వర్’ ఆల్బంలో ఒక పాటకు తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు అట్ట మీద వేశారు. 1967లో వచ్చిన ‘సార్జంట్ పెప్పర్’ ఆల్బంలో ఇంకో పాట ఎక్కువగా మన దేశపు వాద్యాల మీద నడిచింది. దిల్‌రుబా, తంబూరా, తబలా వాయించింది లండన్‌లో ఉన్న భారతీయులు. వాళ్ళ పేర్లు మాత్రం అట్ట మీద లేవు. దిల్‌రుబా అమృత్ గజ్జర్, అన్నా జోషి, తంబూరా బుద్ధదేవ్ కన్సారా, తబలా నట్వర్ సోనీ అని లోకానికి తెలియడానికి ఇంచుమించు యాభై ఏళ్ళు పట్టింది. అంటే అంత పెద్ద బ్యాండ్‌లో కూడా మరుగున పడ్డవి బయటి నుంచి వచ్చిన చేతులే.

మన దగ్గర ఈ అలవాటు లేదా అంటే, ఉంది. లక్డీకాపూల్ దాటితే సైఫాబాద్‌లో ఆకాశవాణి. నిజాం కాలపు డెక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. రేడియోలో కచేరీ వేస్తే పాడినవాళ్ళ పేరుతో ఆపరు. వయొలిన్ మీద ఎవరు, మృదంగం మీద ఎవరు, అన్నీ చెప్తారు. మా హాస్టల్ వాచ్‌మన్ తాతకు పొద్దున్నే రేడియో పెట్టే అలవాటు. అట్లా మాకు తెలియని రాగాలు, తెలియని విద్వాంసుల పేర్లు చెవిన పడ్డాయి. కచేరీలో పక్కన కూర్చున్న వాద్యానికి కూడా ఒక మనిషి ఉన్నాడని గుర్తుపెట్టుకునే పద్ధతి అది. ఆ పద్ధతి మన డోలు దాకా, మన తుడుం దాకా, మన పెప్రె దాకా రాలేదు.

వచ్చినచోట ఏమయిందో చూడండి. 2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట వచ్చింది. మొదట్లో వినపడే గొంతు దర్శనం మొగిలయ్యది. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, 12 మెట్ల కిన్నెర కళాకారుడు. ఆ పాటకు ఆయన పేరు వేశారు. ఆ పేరు తర్వాత రెండు రాష్ట్రాలకూ తెలిసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మన మణుగూరు దగ్గర కూనవరం డోలి కళాకారుడు, కోయ వంశాల కథలు పాడే సకిని రామచంద్రయ్య గారికీ పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది, 2021లో, మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి.

పేరు వేస్తే చాలు బతుకు మారిపోతదని మేము అనడం లేదు. 2024లో మొగిలయ్య గారు కూలి పనికి పోతున్నారని పేపర్లలో చదివినం. అదే 2024లో రామచంద్రయ్య గారూ, కనకరాజు గారూ ఇద్దరూ కన్నుమూశారు. పేరు అన్నం పెట్టదు. కానీ పేరే లేకపోతే అన్నం అడగడానికి కూడా దారి ఉండదు. మేము ఈ మాట ఊరికే అనడం లేదు.

మాలో ఒకరి మేనమామ అరవై దాటిన మనిషి. మీసం రాకముందే డోలు భుజానికి ఎత్తుకున్నాడు. భూమి పండుగకు, కొత్తల పండుగకు, చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఆయన డోలు లేకుండా కొమ్ము ఆట లేదు. పోయినేడు వృద్ధ కళాకారుల పింఛనుకు అప్లికేషన్ పెట్టించినం. ఆఫీసులో ఆధారం ఏముందని అడిగారు. మేము గర్వంగా ఫోన్ తీసి ఒక యూట్యూబ్ వీడియో చూపించినం. లక్షన్నర మంది చూసిన వీడియో అది. కెమెరా అంతా కొమ్ముల మీద, నెమలి ఈకల మీదే ఉంది. మామది కనిపించేది ఒక చెయ్యి, ఒక పుల్ల, సగం డోలు. ఆఫీసాయన వీడియో మొత్తం చూశాడు, అది మాత్రం చెప్పుకోవాలి. చూసి అన్నాడు: “బాగనే ఉంది బాబూ. ఇది ఈయన చెయ్యే అని ఎట్ల తెలుస్తది?”

వీడియో కింద చూస్తే కెమెరా ఎవరు, ఎడిటింగ్ ఎవరు, డ్రోన్ ఎవరు, అన్నీ ఉన్నాయి. డోలు ఎవరో లేదు. ‘గిరిజన నృత్యం’ అని మాత్రం ఉంది.

బస్సులో తిరిగొస్తూ మామ ఏమీ అనలేదు. మేమే ఆగలేక అడిగినం, ఆ రోజు వీడియో తీసినోళ్ళకు పేరు చెప్పలేదా మామా అని. ఆయన అన్నది: “డోలు నాదారా? మా గట్టుది. వేల్పుది. నా పేరెందుకు మధ్యల?”

ఈ మాట మీద మేము రూమ్‌లో చాలా రాత్రులు కొట్లాడుకున్నం. మామ మాటలో నిజం ఉంది. మన పాటకు ఒక్క సొంతదారు ఉండడు. రేల పాట ఎవరు కట్టారో అడగం, అందరం కలిసి ఎత్తుకుంటాం. డోలు దరువు తాత నుంచి తండ్రికి, మామ నుంచి అల్లుడికి వచ్చింది. దాన్ని ఒక మనిషి పేరు మీద రాసుకుంటే మన పద్ధతే పోతదని మాలో ఇద్దరు గట్టిగా వాదించారు.

చివరికి మాకు తేలింది ఇది. పాట వేరు, రికార్డింగు వేరు. పాట అందరిదీ. దాని మీద పేరు వేయొద్దు, వేస్తే తప్పు. కానీ ఒక రోజు, ఒక పొద్దు, ఒక గూడెంలో కొందరు మనుషులు అలసిపోయేదాకా వాయిస్తే దాన్ని ఫోన్‌లో పట్టుకున్నం. ఆ పట్టుకున్నది గట్టుది కాదు, వేల్పుది కాదు. అది ఆ రోజు వాయించిన చేతులది. దాన్ని వాడుకునేది బయటి ఛానల్, బయటి సినిమా. అక్కడ పేరు లేకపోతే ‘అందరిదీ’ అన్న మాటకు ‘ఎవరిదీ కాదు’ అనే అర్థం వచ్చేస్తది.

చట్టం కూడా ఇంచుమించు ఇదే చెప్తది. మాలో లా చదివేవాళ్ళు ఒకరున్నారు, వాళ్ళు విప్పి చెప్పారు. 1957 కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ప్రదర్శన ఇచ్చేవాళ్ళకు సొంతంగా హక్కు వచ్చింది. ఆ లెక్కలో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు, ఆడేవాళ్ళే కాదు, గారడీ చేసేవాళ్ళు, పాములాడించేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ హక్కు 50 ఏళ్ళు నడుస్తది. 2012 సవరణలో 38-బి అనే సెక్షన్ చేరింది: ఈ ప్రదర్శన ఫలానా వాళ్ళది అని గుర్తించమని అడిగే హక్కు కళాకారులది. పేరు వేసే వీలు లేని వాడకం అయితే తప్ప.

అక్కడే ఒక మెలిక ఉంది. సినిమాలో అట్లా వచ్చి ఇట్లా పోయే చిన్న ప్రదర్శన అయితే, టైటిల్స్‌లో పేరు కూడా లేకపోతే, ఒక్క విషయంలో తప్ప ఆ మనిషిని కళాకారుడి కింద లెక్కపెట్టరు. తన ప్రదర్శనను చెడగొడితే అడ్డుకునే హక్కు ఒక్కటే మిగులుతది. అంటే పేరు అనేది మర్యాద కోసం వేసే చివరి లైను కాదు. హక్కు నిలబడే నేల అది.

అందుకే దసరా సెలవుల తర్వాత నుంచి మేము ఒక పని పెట్టుకున్నం. మా ఆరుగురి ఫోన్లలో మన పండుగల వీడియోలు లెక్కేస్తే 63 తేలాయి. ఒక లాంగ్‌బుక్ కొన్నం. ఒక్కో వీడియోకు ఒక పేజీ. ఏ ఊరు, ఏ పండుగ, ఏ రోజు, డోలు ఎవరు, కొమ్ము ఊదింది ఎవరు, పాట ఎత్తుకున్నది ఎవరు, వాళ్ళకు నేర్పింది ఎవరు. రాత్రి తొమ్మిది తర్వాత ఇళ్ళకు ఫోన్లు చేస్తాం. మా ఊర్లలో సిగ్నల్ అంటే గుట్ట మీద రాయి దగ్గరే, అక్కడికి ఎవరైనా వచ్చినప్పుడు పట్టుకోవాలి.

ఒక వీడియోలో అంతా చీకటి. మంట వెలుగు తప్ప మొహాలు లేవు. ఎవరికి పంపినా తెలియదన్నారు. మాలో ఒకరి పెద్దమ్మకు చూపు సరిగా ఆనదు. ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. రెండోసారి పెట్టమన్నది. పెట్టినంక, “ఇది మా చిన్న మరిది చెయ్యి. దరువు మలిపేటప్పుడు ఒక దెబ్బ ఆపి కొడతడు, ఇంకెవ్వరు అట్ల కొట్టరు” అన్నది. ఆ మరిది పోయి నాలుగేళ్ళయింది. ఆయన కొడుకు మా జూనియర్. నాన్న డోలు అందులో ఉందని ఆ రాత్రే తెలిసింది వాడికి. వీడియో తన ఫోన్‌కు పంపుకుని బయటికి వెళ్ళిపోయాడు. మేము వెనక పోలేదు.

టాంబొరిన్ విని డ్రమ్మర్‌ను గుర్తుపట్టేవాళ్ళు సిటీలోనే కాదు, మన గూడేల్లోనూ ఉన్నారు. ఆ చెవులు ముసలివైపోతున్నాయి. బీటిల్స్ విషయంలో స్టూడియో కాగితాలు మిగిలాయి, యాభై ఏళ్ళ తర్వాతైనా వెతకొచ్చు. మనకు కాగితం లేదు. పెద్దమ్మ ఉన్నన్ని రోజులే మనకు గడువు.

ఒక జాగ్రత్త. అన్నీ రికార్డు చేయడానికి లేవు. వేల్పు దగ్గర కొట్టే దరువులు కొన్ని బయటికి పోకూడదంటారు పెద్దలు. ముందు అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోండి. పేరు వద్దన్నవాళ్ళ పేరు కూడా రాయొద్దు. అడగకుండా పేరు తీసేయడం ఎంత తప్పో, అడగకుండా పేరు పెట్టడమూ అంతే.

మామ వీడియో ఛానల్ వాళ్ళకు మెసేజ్ పెట్టినం. డోలు వాయించిన ముగ్గురి పేర్లు, ఊరు పంపినం. మూడు రోజులకు వీడియో కింద పేర్లు చేర్చారు. అడిగితే చేసేవాళ్ళు ఉన్నారు, అడిగేవాళ్ళే తక్కువ. దాని ప్రింటు తీసి, సర్పంచ్ సంతకంతో అప్లికేషన్‌కు జతచేసినం. పింఛను ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాం. మామ మాత్రం పేరు చూసుకుని, పక్కన కొట్టిన ఇద్దరి పేర్లు సరిగా పడ్డాయా లేదా అని రెండుసార్లు చదివించుకున్నాడు.

63లో 41 వీడియోలకు పేర్లు దొరికాయి. 22 మిగిలాయి. వాటిలో కొన్ని మీ ఊర్లవి కూడా అయి ఉండొచ్చు, ఒక్కొక్కటి ఈ గ్రూపులో పెడతాం. మీరు మా కోసం ఆగొద్దు. మీ ఫోన్‌లో ఉన్న వీడియో ఒకటి తీయండి. ఈ రాత్రే ఇంటికి ఫోన్ చేసి అడగండి, దీంట్ల డోలు ఎవరు వాయించిండ్రు అని.