గ్రాసీ నారోస్: ఏటి చేపలోని విషము

కెనడా దేశమున ఆంటారియో రాష్ట్రపు వాయవ్యభాగమందు కెనోరా యను పట్టణము గలదు. అచ్చటినుండి ఉత్తరముగా అడవులగుండ, సరస్సుల నడుమ సుమారు 80 కిలోమీటర్లు పోయినచో గ్రాసీ నారోస్ అను పల్లె వచ్చును. ఇచ్చటివారు అనిషినాబె యను ఆదివాసులు. చలికాలమున జలమెల్ల గడ్డకట్టును. మంచు కరగినంతనే వాబిగూన్, ఇంగ్లీషు అను నదులు సరస్సులను గలుపుచు పారును. మనకు వరియన్న మెట్టిదో వారికి ఈ నీటి చేప యట్టిది.

నదులు చూచుటకు నిర్మలములు. కాని యెగువను డ్రైడెన్ పట్టణమందలి కాగితపు మిల్లువారు, గుజ్జును తెల్లబఱచు రసాయనములు చేయుటలో పాదరసము వాడి, 1962 మొదలు 1970 వఱకు సుమారు 9,000 కిలోల పాదరసమును వాబిగూన్ నదిలోనికి విడిచిరి. అడుగు బురదలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగ మార్చును. పురుగులనుండి చిన్న చేపలకు, వానినుండి పెద్ద చేపలకు పోవుకొలది విషము హెచ్చును.

ఆ చేపకు దుర్గంధము లేదు, రుచి మాఱదు. ఎంత కడిగినను, ఎంతసేపు ఉడికించినను విషము పోదు. ఇట్టి దోషమును ఏ యిల్లాలు పసిగట్టగలదు? బిడ్డలకు బలమని పెట్టినదే వారి నరములను చెఱచినది. చేతులు వణకుట, తిమ్మిరులెక్కుట, నడక తడబడుట, చూపు ప్రక్కలనుండి కుంచించుకొనుట దీని లక్షణములు. గర్భిణి తిన్నచో విషము మాయను దాటి శిశువు మెదడునకు సోకును. తల్లి ఆరోగ్యవతిగా కనబడినను బిడ్డకు కీడు కలుగవచ్చును.

1970లో ప్రభుత్వము చేపల వ్యాపారమును నిలిపెను. తిండితోపాటు జీవనోపాధియు పోయెను. జపానునందు మినమాటాలో 1956లో బయల్పడిన పాదరసవ్యాధిని పరిశీలించిన వైద్యుడు మసజుమి హరదా 1975లో ఇచ్చటికి వచ్చి, పల్లెవారిలో అట్టి చిహ్నములనే గుర్తించెను.

చేపలు తినకుడని చెప్పుట సులభము. అంగడి సరుకులు దూరమునుండి వచ్చి ప్రియమగు చోట ఇల్లాలు ఏమి వండవలెను? 2017లో ఆంటారియో ప్రభుత్వము నదిని శుభ్రపఱచుటకు 8 కోట్ల 50 లక్షల డాలర్లు కేటాయించెను. 2020లో కెనడా ప్రభుత్వము పల్లెలోనే రోగులకు సంరక్షణాలయము కట్టించుటకు ఒడంబడిక చేసికొనెను. అర్ధశతాబ్ది గడచినను బురదలో పాదరసము మిగిలియే యున్నది.

గృహిణి తన వంటయింటి శుచిని కాపాడుకొనగలదు. ఏటి శుచి యెగువవారి చేతిలోను, ప్రభుత్వము చేతిలోను ఉన్నది. కావున మన యేటిలో ఎవరేమి కలుపుచున్నారని అడుగుటయు గృహధర్మమే యని యెఱుగవలెను.