మందు వెడలు త్రోవ

మూత్రపిండ వ్యాధికి పేరుపడిన ఉద్దానమునకు సమీపమున నొక ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్న నా మేనకోడలు, "మామయ్యా, ఒక్క రాత్రి మా వార్డులో కూర్చుని చూడండి" అని వ్రాయగా వెళ్లితిని. కొత్త యంత్రములను చూపుటకు ఉత్సాహపడినవారుండిరి గాని, తెల్లవారుజామున ఆమె కిటికీ వెలుతురునకెత్తి పట్టిన కొలపాత్రను నా చూపు విడువలేదు.

మంచముమీది ముసలిరైతు, "ఏటమ్మా, ఉచ్చ కూడా కొలుస్తారేటి?" అని విసుగుకొనెను. ఆమె గీతను రెండుమార్లు సరిచూచి, పన్నెండు గంటలకు 180 మిల్లీలీటర్లని కాగితమున వ్రాసి, అదివరకే నింపియుంచిన జెంటామైసిన్ సూదిని ట్రేలో పెట్టివేసి, డాక్టరుకు ఫోను చేసెను. 50 కిలోల మనిషికి అంతసేపటిలో కనీసము 300 రావలెనట.

"చాలా మందుల్ని కాలేయం నీళ్లలో కరిగేటట్టు మార్చి పంపుతుంది మామయ్యా, ఇది మాత్రం ఏ మార్పూ లేకుండా మూత్రపిండాల దారినే పోవాలి. ఆ దారి మూసుకుపోతే..." అని ఆమె తన చెవిని తాకి చూపెను. ఆరోగ్యవంతుని రక్తమున రెండు మూడు గంటలలో సగమై పోవు ఈ మందు, మూత్రపిండములు పూర్తిగా చెడినవానియందు సగమగుటకే ఒక దినము దాటవచ్చును; మోతాదుపై మోతాదు పడినకొలది పేరుకొని, తిరిగిరాని విధమున వినికిడిని హరింపవచ్చును, ఆ మూత్రపిండములనే మరింత చెరుపవచ్చును. ఆ రైతు రక్తపరీక్షలో మూత్రపిండముల పనితీరును సూచించు క్రియాటినిన్ ఇంచుమించు సరిగానే యున్నది. కాని అది కండనుండి పుట్టునది గనుక, కండ కరగిన వృద్ధునియందు ఆ అంకె మోసగించునని ఆమె యెరుగును.

డాక్టరు వచ్చి, కాగితము చూచి, ఆ సూదిని మాన్పించి వేరొక మందు వ్రాసెను.

నాకు మా తండ్రిగారి మంచము జ్ఞప్తికి వచ్చినది. మరియొక ఊరి ఆసుపత్రిలో ఆ మంచమునకు వ్రేలాడిన ఇట్టి కాగితమే మూడు దినములు వట్టిగా నుండెను. ఆ నర్సును నేను నిందింపను. నలుబది మంచములకు ఆమె యొక్కతెయే. మందు లోనికి పోయిన వేళను వ్రాయించుకొను మన ఆసుపత్రులు, అది వెలికి పోవుచున్నదో లేదో కనిపెట్టు పనిని పాకీపనివలె చూచుచున్నవి. ఇది శాస్త్రము, ఇది లేక మోతాదు వ్రాయుట చీకటిలో చేయి చాచుటయే.

వైద్యులారా, మందు వ్రాయుటకు ముందు ఆ కాగితమును చదువుడు. అధికారులారా, దానిని శ్రద్ధతో నింపుటకు చాలినంతమంది నర్సులను నియమింపుడు.