మిగలకముందే పంచుకుందాం

'అన్నం పరబ్రహ్మ స్వరూపం' అన్నారు పెద్దలు. మన హాస్టల్ వంటగది గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉన్న మాట కూడా అదే. ఆ గోడ పక్కన వరుసల్లో కూర్చుని ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా తిని, చదివి, బయటికొచ్చిన పూర్వ విద్యార్థులం మేము. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని తమ్ముళ్లు అడిగారు. చదువుల గురించి, ఉద్యోగాల గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. మేము అన్నం గురించి రాద్దామనుకున్నాం. దాచుకోవడం దేనికి, మా అమ్మానాన్నలు ట్రంకు పెట్టె చేతికిచ్చి మమ్మల్ని ఇక్కడ దింపిపోయింది చదువు మీద ఆశతో పాటు మూడు పూటలా తిండి దొరుకుతుందన్న ధీమాతోనే.

మన పల్నాడు మొదటి నుంచీ మెట్ట ప్రాంతం. ఇక్కడి జొన్నకూడును ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్నాయని మా తెలుగు మాస్టారు నవ్వుతూ చెప్పేవారు. 1832-33లో వచ్చిన నందన కరువులో అప్పటి గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనాభా ఉంటే, 2 లక్షల మంది దాకా చనిపోయారని చదువుకున్నాం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలేదాకా ఇక్కడ చాలా ఊళ్లలో వరి అన్నం పండగ నాటి మాట. మా నాయనమ్మలు పగలంతా చేలో కూలి చేసి, పొద్దుగూకాక ఆసామి ఇంటి దొడ్డివాకిట్లో సత్తు గిన్నె పట్టుకుని నిలబడేవాళ్లు. ఆ ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది ఆ గిన్నెలో పడేది. 'మిగిలింది పేదలకు పెట్టండి' అనే మాట మంచిదే. కానీ అది వింటే మాకు ముందు ఆ గిన్నె గుర్తొస్తుంది.

ఇప్పుడు ప్రపంచమంతా ఆహార వృథా గురించి మాట్లాడుతోంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో కలిపి సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తపాలైంది. అందులో దాదాపు 60 శాతం ఇళ్ల నుంచే. ఫ్రాన్స్ 2016లో ఒక చట్టం చేసింది. 400 చదరపు మీటర్లు దాటిన పెద్ద దుకాణాలు, అమ్ముడుపోని మంచి ఆహారాన్ని పాడుచేయకుండా సేవాసంస్థలకు ఇచ్చేలా ఒప్పందం చేసుకోవాలంది. దక్షిణ కొరియాలో 2013 నుంచి పారేసిన తిండిని తూకం వేసి రుసుము వసూలు చేసే పద్ధతి పెట్టారు.

మన దేశంలో అన్నం పారేసినందుకు జరిమానా వేసే కేంద్ర చట్టం ప్రత్యేకంగా లేదు. తిండి హక్కు గురించి మాత్రం చట్టం ఉంది. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే జనం పస్తులుండడం ఏమిటని పి.యు.సి.ఎల్. అనే పౌరహక్కుల సంస్థ 2001లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. బడి పిల్లలకు వండిన భోజనం పెట్టాలని ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఆదేశించింది. 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో నిబంధనలు తెచ్చింది. పంచే ఆహారం తినడానికి క్షేమంగా ఉండాలి, శుభ్రమైన మూత ఉన్న పాత్రల్లో విడిగా ఉంచాలి, అనుమానం ఉన్నది పంచకూడదు అని వాటి సారాంశం.

ఈ నిబంధనలు రాకముందే మా వార్డెన్ గారు ఆ పని చేసేవారు. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పది దాటాక ఎవరో ఒకరు కబురు పంపేవాళ్లు, 'విందులో బాగా మిగిలింది, హాస్టల్ పిల్లలకు తెస్తాం' అని. సార్ మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎప్పుడు వండారు? ఇప్పటిదాకా ఎలా ఉంచారు? ఇప్పుడు మీ ఇంట్లో పిల్లలకు పెడతారా? మూడో ప్రశ్నకు అవతలివాళ్లు తడబడితే సార్ వద్దనేవారు. మనది రెంటచింతల ఎండలు తెలిసిన ప్రాంతం. మే నెలలో పొద్దున వండింది మధ్యాహ్నానికే మెత్తబడిపోతుంది. 'ఈసారి పెట్టాలనుకుంటే ముందురోజు చెప్పండయ్యా, మా పిల్లలు వేడివేడిగా తింటారు' అనేవారు సార్. అలా చెప్పాక నిజంగానే కొందరు తమ పిల్లల పుట్టినరోజుకు బియ్యం, కూరగాయలు ముందే పంపి, వచ్చి మాతోపాటు కూర్చుని తిన్నారు. దానం, గౌరవం రెండూ ఒకే పళ్లెంలో పట్టడం అక్కడే చూశాం.

ఇక మన వంటగది సంగతి. హాస్టల్లో అన్నం మిగిలితే 'పిల్లలకు పొగరెక్కింది' అనడం తేలిక. మేము మెస్ కమిటీలో ఉన్నప్పుడు కారణాలు వెతికితే వేరే కనిపించాయి.

మొదటిది లెక్క. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే దుర్గి వైపు, వెల్దుర్తి వైపు పిల్లలు బస్సెక్కి ఇంటికి పోతారు. వంట మాస్టారు హాజరు పట్టీ చూసి బియ్యం కొలుస్తాడు. అందుకని వంటగది తలుపుకు ఒక పలక వేలాడదీశాం. సాయంత్రం నాలుగింటికి రూమ్ లీడర్లు తమ గదిలో రాత్రికి ఎందరుంటారో దాని మీద రాయాలి. ఆ పలక వచ్చాక గంగాళం అడుగున మిగలడం తగ్గింది.

రెండోది బియ్యం. ముక్కిన వాసన వచ్చే దొడ్డుబియ్యం వండితే, ఆకలితో ఉన్నవాడికి కూడా ముద్ద దిగదు. తెలంగాణలో 2015 జనవరి నుంచి, మన రాష్ట్రంలో 2025 జూన్ నుంచి బడులకు, సంక్షేమ హాస్టళ్లకు సన్నబియ్యం ఇస్తున్నారు. అన్నం బాగుండడమే వృథాను ఆపే మొదటి మందు అని మా నమ్మకం. బియ్యం బాగా లేకపోతే పారేసి ఊరుకోకుండా, మెస్ కమిటీ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి తమ్ముళ్లారా. అది మీ హక్కు.

మూడోది వడ్డన. మొదట గరిటెడే వేయించుకోవాలి, చాలకపోతే మారు అడగాలి. మారు అడిగినవాణ్ణి ఎవరూ నవ్వకూడదు. ఆదివారం కోడికూర నాడు 'మళ్లీ దొరకదేమో' అన్న భయంతోనే పిల్లలు పళ్లెం నింపుకుంటారు. మళ్లీ వడ్డిస్తారన్న నమ్మకం ఉంటే అంత నింపుకోరు.

ఒక లెక్క వేసి చూడండి. వందమంది పూటకు తలా ఒక చిన్న ముద్ద, అంటే 50 గ్రాములు వదిలేస్తే 5 కిలోల అన్నం. రెండు పూటలకు 10 కిలోలు. దానికి నాలుగు కిలోల బియ్యం పడుతుంది. బడి నడిచే 220 రోజులకు 880 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు పదిహేడు పైమాటే. కిలో వడ్లు పండాలంటే సుమారు 2,500 లీటర్ల నీళ్లు కావాలంటారు. సాగర్ కుడికాలువ చివరి భూముల్లో తడి కోసం రాత్రిళ్లు కాపలా కాసే రైతులు, కూలీలు మన అమ్మానాన్నలే కదా.

ఎంత జాగ్రత్త పడ్డా కొంత మిగులుతుంది. పాడవని అన్నం చలికాలంలో పొద్దున్నే పులిహోర అవుతుంది, మజ్జిగ పోస్తే చద్దన్నం అవుతుంది. గంజి, కూరగాయల తొక్కలు గేదెల కుడితికి పోతాయి. పళ్లాల్లోని మెతుకులు ఎరువు గుంటలో వేస్తే పెరట్లో బెండకాయలు కాస్తాయి. మా కామాటి అన్న చేతి బెండకాయ పులుసు రుచి ఇప్పటికీ మా నోళ్లలో ఉంది.

చివరిగా ఒక మాట. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. కన్నమదాసును కొడుకులా చూసి సేనానిని చేశాడు. కారంపూడి వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. ఆ చాప మీద ముందు తినేవాడు, తర్వాత మిగిలింది తినేవాడు అని ఇద్దరు లేరు. చట్టాలు రావాలి, వచ్చినవి అమలు కావాలి. అయితే అందరినీ లెక్కలోకి తీసుకుని వండడం, అందరూ కలిసి కూర్చుని తినడం మన నేల మీద పుట్టిన పద్ధతే. దాన్ని మన భోజనశాలలో రోజూ నిలబెడదాం. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి పలక మీద మీ గది లెక్క రాయడం మరిచిపోకండి.