నూనె మనకు, చెక్క ఎద్దుకు

చెనక్కాయ చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. కందికి, పెసరకు, ఉలవకు దగ్గరి చుట్టం. అయినా మనం దాన్ని నూనెగింజగానే లెక్కపెడతాం. 100 గ్రాముల చెనక్కాయ గింజల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు, 48 గ్రాముల కొవ్వు ఉంటాయి. గానుగ ఆడిస్తే కొవ్వు నూనెగా దిగుతుంది. మాంసకృత్తులు చెక్కలో ఉండిపోతాయి. మా హోసూరు ప్రాంతంలో నూనె వంటింటికి వచ్చేది, చెక్క ఎద్దుల కుడితిలోకి పోయేది. కండబలాన్నిచ్చే వాటా ఎవరికి దక్కిందో చూడండి!

మాది తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. పండిన చెనక్కాయల్లో చాలా భాగం అప్పుల కింద పోయేది. ఆడించుకున్న నూనె ఏడాది పొడుగునా సరిపోయేది కాదు. డబ్బా అడుగంటిన నెలల్లో అమ్మ తాలింపుకు ఒక్క చెంచాతో సరిపెట్టేది. ఉలవలు, అనపగింజలు మాత్రం తగ్గించేది కాదు. రాగిసంగటి, ఉలవచారు మా నిత్య భోజనం.

నూనె తేలని కూర లేమికి గుర్తని చాలామంది భావన. ఒకసారి మా మేనత్త పదిమంది ఎదుట, “వదినా, పిల్లలకు ఎద్దుల దాణా పెడుతున్నావేమిటి?” అంది. అమ్మ ముఖం చిన్నబోయింది. అయినా నెమ్మదిగా, “నూనె తేలితే కళ్ళు నిండుతాయి, ఉలవలుంటే కడుపు నిండుతుంది” అంది.

అమ్మ బడికి పోలేదు. ఆమె మాటలోని నిజం తరువాత నాకు పోషక విలువల పట్టికల్లో కనిపించింది. ఏ నూనె అయినా 100 గ్రాములకు సుమారు 900 కేలరీల శక్తినిస్తుంది. అంతే బరువు గల ఉలవలు ఇచ్చేది 320 కేలరీలే. ఆ లెక్కలో నూనెదే గెలుపు. కాని నూనెలో మాంసకృత్తులు లేవు, పీచు లేదు. ఉలవల్లో మాంసకృత్తులే 22 గ్రాములు. ఇనుము, కాల్షియం అదనం. పైగా రాగుల్లో కొరతగా ఉండే లైసిన్ ఉలవల్లో ఉంది. ఉలవల్లో తక్కువైన మిథియోనిన్ రాగుల్లో ఉంది. సంగటి, చారు ఒకదాని లోటును మరొకటి తీరుస్తాయి.

అలాగని నూనె అక్కరలేదనుకోరాదు. శరీరం తయారు చేసుకోలేని కొన్ని కొవ్వు ఆమ్లాలు నూనెల నుండి లభిస్తాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. అన్ని నూనెలూ ఒకటి కావు. కొబ్బరినూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వే. చెనక్కాయ నూనెలో అది ఐదో వంతుకు మించదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల్లో, 2000 కేలరీల ఆహారం తీసుకునేవారికి రోజుకు పప్పులు, గుడ్లు, మాంసం వంటివి 85 గ్రాములు, నూనెలు, కొవ్వులు 27 గ్రాములు అని ఉంది. అంటే మూడు పాళ్ళకు ఒక పాలు.

ఉలవలను తమిళులు కొళ్ళు అంటారు, కన్నడిగులు హురుళి అంటారు, మరాఠీలో కుళీథ్, ఒడియాలో కొలథ. ఏ పేరుతో పిలిచినా గింజ ఒకటే, దాని బలం ఒకటే. చేతిలో డబ్బు తగ్గిన నెలలో ఏది తగ్గించాలో, ఏది తగ్గించకూడదో తెలిసిన ఇంట్లో పిల్లలు బలంగా పెరుగుతారు.